అమ్మ మోకాలి వాపుకు వావిలాకు, నీలగిరి తైలం

అనంతపురంలో మా అమ్మ చెనక్కాయలు ఒలుస్తూ గంటలకొద్దీ కింద కూర్చుంటుంది. కుడి మోకాలు వాచి మెట్లెక్కడమే కష్టమైంది. కీళ్ల అరుగుదల అన్నారు డాక్టరు. నొప్పి మాత్రలు వేసుకుంటే అమ్మకు కడుపులో మంట.

వంక గట్టున వావిలి చెట్టుంది. రెమ్మకు ఐదేసి ఆకులు, అడుగున తెల్లటి నూగు, నలిపితే ఘాటు వాసన. ఆ ఆకు మరిగించిన నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, వేడి ఓర్చుకోగలిగినంతలో పొద్దున్నే కాపడం పెట్టాను. రాత్రి చెంచాడు గోరువెచ్చని నువ్వుల నూనెలో రెండు చుక్కలు నీలగిరి తైలం కలిపి పైపైన రాశాను. ఎక్కువ వద్దు, చర్మం మండుతుంది. ముందు మోచేతి లోపలివైపు రాసి ఒక రోజు చూడండి.

నీలగిరి తైలంలో ఉండే సినియోల్ వాపును రేపే రసాయనాలను తగ్గిస్తుందని ల్యాబ్ ప్రయోగాల్లో తేలింది. కానీ అరిగిన కీలును ఏ నూనే తిరిగి పెంచదు. అందుకే అమ్మకు ఎత్తుపీట కొన్నాం. అసలు మేలు దానితోనే ఎక్కువ జరిగిందని నా నమ్మకం. వాపు దిగింది, మాత్ర ఎప్పుడో తప్ప అడగడం లేదు.

నొప్పులకు పైన రాసే మరో నూనె వింటర్‌గ్రీన్; రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు దాన్ని డాక్టర్ని అడగకుండా రాసుకోవద్దు. నీలగిరి తైలం కడుపులోకి పోతే విషం, పిల్లలకు అందనివ్వకండి.