మల్బరీ మండతో మొక్క – మూడో పాఠం: ఆకు వచ్చింది, వేరు ఇంకా రాలేదు

మండ నాటి పది రోజులు దాటింది కదా. ఈపాటికి పై కన్ను విచ్చుకుని గోరంత ఆకులు రెండు బయటపడి ఉంటాయి. నిన్న పొద్దున్న మా పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగి చూసి, "ఏట్రా, చిగురొచ్చీసింది కదేటి! ఇంకా ఆ గ్లాసులో ఎందుకు, తీసి పెరట్లో పాతీ" అంది. పిన్నికి చెప్పిన జవాబే ఈ పాఠం.

మునగ మండ నరికి గోడకి ఆనించి మరిచిపోతే, నాలుగు రోజులకి దానికీ చిగుళ్లు వస్తాయి. మట్టి లేదు, నీరు లేదు. మరి ఎక్కణ్ణించి వచ్చాయి? కర్రలో దాచుకున్న పిండిపదార్థం నుంచి. మన మల్బరీ కన్ను కూడా ఇప్పుడు ఆ నిలవే తింటోంది. ఆకు పెరిగేకొద్దీ దాంట్లోంచి నీరు ఆవిరైపోతుంది, కింద తోడిపెట్టడానికి వేరు లేదు. అందుకే మూడో వారంలో, అంతదాకా కళకళలాడిన మండ ఒక్కసారిగా తల వాల్చేస్తుంది. చాలామంది ఓడిపోయేది ఇక్కడే.

పోయిన పాఠం ప్రకారం మీ దగ్గర ఉన్నది పెన్సిలంత లావు, జానెడు కన్నా కాస్త పొట్టి మండ. మూడు నాలుగు కళ్లుంటాయి. కింద కణుపు దిగువన ఏటవాలు కోత, పైన తిన్నటి కోత. మూడింట రెండు వంతులు మట్టిలో ఉంది. తలకిందులుగా పాతలేదని నమ్ముతున్నాను.

ఇప్పుడు మట్టి కింద ఏం జరుగుతోందో చెబుతాను. మొదట కోత అంచున తెల్లటి పొక్కులు లేస్తాయి, ఉడికిన సగ్గుబియ్యం అంటుకున్నట్టు. అది వేరు కాదు, గాయం మానడం. ఆ తరువాత ఆ పొక్కుల్లోంచి, కణుపు పక్కనించి సన్నసేమ్యా పోగుల్లాంటి తెల్లటి వేళ్లు బయల్దేరతాయి. మన వైపు వానాకాలపు ఉక్కలో మూడు నుంచి అయిదు వారాలు పట్టొచ్చు. పుష్యమాసం చలిలో నాటితే ఇంకా ఆలస్యం.

నేను మొదటిసారి నాటినప్పుడు ఆరు మండలు పెట్టాను. రెండు రోజులకోసారి పీకి చూడ్డం, మళ్లీ గుచ్చడం. పదహారో రోజున సగ్గుబియ్యం కనబడితే సంబరపడి ఇంట్లో అందరికీ చూపించి తిరిగి పాతాను. గుచ్చేటప్పుడు ఇసుక రాపిడికి ఆ పొక్కులు ఊడిపోయాయి. నాలుగు కుళ్లిపోయాయి.

అందుకే ఇప్పుడు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గ్లాసు వాడుతున్నాను. అడుగున కాల్చిన మేకుతో మూడు బెజ్జాలు. ఆ గ్లాసుని, అడుగున బెజ్జం పెట్టిన కాగితపు గ్లాసులో దించుతాను, వేళ్లకి చీకటి కావాలి గనక. చూడాలనిపిస్తే పైకెత్తి గోడల వెంట చూసుకోవడమే. మండని ముట్టుకోనక్కర్లేదు.

ఈ మూడు వారాలూ చెయ్యాల్సింది తక్కువే. ఆకు అరచేయంత అయితే కత్తెరతో సగానికి కత్తిరించండి. పై భాగాన్ని, అడుగు కోసిన నీళ్ల బాటిల్‌తో మూత తీసి కప్పండి. నీడలోనే ఉంచండి. చిగురుతోపాటు కొన్ని మండలకి పచ్చటి చిన్న పిందెలు కూడా వస్తాయి. పిల్లలు ఏడ్చినా సరే, గిల్లెయ్యండి. వేరుకి పోవలసిన తిండి అవి లాగేస్తాయి.

నీటి సంగతి మాత్రం జాగ్రత్త. శ్రావణంలో నాగావళి వైపు ముసురు పట్టిందంటే వారం ఆగదు. గ్లాసుల్ని చూరు కిందకి జరపండి. వేలు పెడితే చెమ్మ తెలియాలి, మట్టి పిండితే చుక్క రాలకూడదు. రెండు పాళ్లు ఏటి ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి చాలు. గత్తం, అంటే పశువుల ఎరువు, ఇప్పుడొద్దు. కళింగపట్నం వెళ్లొస్తూ సముద్రపు ఇసుక తెచ్చి వాడిన మా బావమరిదికి ఒక్కటీ బతకలేదు, ఉప్పు మరి. మండ అడుగు నల్లబడి, బెరడు తొక్కలా జారి, తడిసిన గోనెసంచి వాసన వస్తే దాన్ని పారెయ్యండి. పక్కవాటి దగ్గర ఉంచకండి.

తేనె, దాల్చినచెక్క పొడి, కలబంద గుజ్జు... ఏది రాయాలని అడుగుతుంటారు. నేను రాసి చూశాను, రాయకుండా చూశాను, నాకైతే తేడా కనబడలేదు. మల్బరీకి ఆ హంగులక్కర్లేదు. ముఖ్యంగా 1997లో వచ్చి, ఇప్పుడు పట్టు రైతులు ఎక్కువగా వేసే వి-1 రకం సులువుగానే వేరు పట్టేస్తుంది. రకం తెలియకపోతే నాలుగు మండలు ఎక్కువ నాటుకోండి, అంతే.

వేరు పట్టిందని పైనించి తెలిసే గుర్తు ఒకటుంది. మొదటి రెండు మూడు ఆకులు వచ్చాక మండ కొన్నాళ్లు బిగుసుకు కూర్చుంటుంది. ఎదుగూ ఉండదు, బొదుగూ ఉండదు. తరువాత ఒకరోజు కొసన మెరుస్తూ కొత్త ఆకు విచ్చుకుంటుంది, దాని వెనకే ఇంకోటి. ఆ రెండో విడత ఆకులు వేరు పంపినవి. అప్పుడు గ్లాసు పైకెత్తి చూడండి.

ఇంటిపని: ప్రతి గ్లాసు మీద నాటిన తేదీ స్కెచ్‌పెన్నుతో రాయండి. ఆకులు ఆగిన రోజు, మళ్లీ మొదలైన రోజు గోడ క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. గ్లాసు గోడకి రెండు మూడు తెల్ల పోగులు కనబడ్డాక కూడా ఇంకో పది రోజులు కదపొద్దు. అవి కాస్త గోధుమరంగు తిరిగి గట్టిపడ్డాక కుండీలోకి మార్చడం నాలుగో పాఠంలో చూద్దాం. ఈలోగా గత్తం సంపాదించి, నీడలో ఆరబెట్టి ఉంచుకోండి.