గోల్కొండ సమాధుల దగ్గర కుతుబ్‌షాహీ వంశాన్ని ఒక పూటలో చదవడం ఎలా?

హైదరాబాద్‌లో ‘సెవెన్ టూంబ్స్’ అంటే చాలు, ఆటో అతను తిన్నగా తీసుకెళ్లి గేటు దగ్గర దించేస్తాడు. చిక్కంతా లోపలికి వెళ్లాకే. ఎటు చూసినా గుమ్మటాలే, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. గంటసేపు తిరిగి, నాలుగు ఫొటోలు దిగి, ఏది ఎవరిదో తేలకుండానే బయటికొచ్చేస్తాం. నేనూ మొదట్లో ఇలాగే రెండుసార్లు ఊరికే తిరిగొచ్చాను. మూడోసారి జేబులో ఒక చీటీ పెట్టుకుని, గద్దెనెక్కిన వరసలో సమాధులు చూశాను. అప్పుడు గానీ ఆ కుటుంబం కథ బుర్రకెక్కలేదు.

1. చీటీ రాసుకోండి

గోల్కొండని ఏలిన కుతుబ్‌షాహీ రాజుల పేర్లు, ఏలిన ఏళ్లతో సహా ఇంటి దగ్గరే ఇలా రాసుకోండి: సుల్తాన్ కులీ (1518–1543), జంషీద్ (1543–1550), సుభాన్ (1550), ఇబ్రహీం (1550–1580), మహమ్మద్ కులీ (1580–1612), మహమ్మద్ (1612–1626), అబ్దుల్లా (1626–1672), అబుల్ హసన్ తానాషా (1672–1687).

మొత్తం ఎనిమిది మంది. మరి ఏడు సమాధులేంటి? ఎనిమిదో ఆయన ఇక్కడ లేడు. ఆయన సంగతి చివర్లో చూద్దాం. ఇక్కడ రాణుల, వైద్యుల, కొలువులోని పెద్దల సమాధులు కూడా చాలా ఉన్నాయి కాబట్టి గుమ్మటాలు లెక్కపెట్టి రాజుల్ని పట్టుకోవాలనుకుంటే దొరకరు.

మహమ్మద్ కులీ, మహమ్మద్ పేర్ల దగ్గర అందరం తడబడతాం. రెండో ఆయన మొదటి ఆయనకి తమ్ముడి కొడుకు, అల్లుడు కూడా. మన లెక్కలో అన్నాచెల్లెళ్ల వరస అవుతుంది గానీ వాళ్లలో ఆ పెళ్లి మామూలే. చీటీ మీద ఈ ఇద్దరి మధ్య ఒక గీత గీసి ‘మామ–అల్లుడు’ అని రాసుకోండి, ఇక మర్చిపోరు.

2. పొద్దున్నే వెళ్లండి

టోపీ, నీళ్లు, తొందరగా విప్పుకునే చెప్పులు ఉంటే చాలు. సమాధులున్నవి వరసగా కాదు, కాబట్టి అటూఇటూ తిరగక తప్పదు. గేటు దగ్గర మ్యాప్‌ని ఫోన్లో ఫొటో తీసుకోండి.

3. తాత, కొడుకు, మనవడు: ముగ్గుర్నీ కలిపి చూడండి

సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ వైపు నుంచి వచ్చిన తుర్కుమాన్. అప్పట్లో దక్కనునేలిన బహమనీల కొలువులో చేరి తెలంగాణకు అధికారి అయ్యాడు. ‘కుతుబ్-ఉల్-ముల్క్’ బహమనీ సుల్తాను ఇచ్చిన బిరుదు, వంశం పేరు దాన్నుంచే వచ్చింది. 1518 అని పుస్తకాల్లో రాస్తారు గానీ ఆయన ఆ ఏడాది దండోరా వేయించి రాజైపోలేదు. బహమనీ రాజ్యం విచ్చిపోతుంటే తన భాగం తన చేతిలో మిగిలిందంతే. తన సమాధిని బతికుండగానే కట్టించుకున్నాడు. తర్వాతివాళ్లంతా దీన్ని చూసే కట్టుకున్నారు.

1543లో నమాజు చేస్తుండగా ఆయన్ని చంపేశారు. చేయించింది కొడుకు జంషీదే. అంతటితో ఆగకుండా అన్న కళ్లు కూడా పొడిపించాడు. ఇప్పుడు జంషీద్ సమాధి దగ్గరికి వెళ్లండి. ఎనిమిది పలకల కట్టడం, రెండంతస్తులు. చుట్టూ తిరిగి శాసనం కోసం వెతకండి. దొరకదు. తండ్రిని చంపించినందుకే పేరు చెక్కలేదని గైడ్లు చెప్పేస్తారు. అది వాళ్ల ఊహ, మీరు శాసనం లేదన్నంతవరకే రాసుకోండి.

తాతకీ తండ్రికీ మధ్య ఉన్నది పసివాడు సుభాన్‌ది. కొన్ని నెలలే రాజు. కొన్ని పుస్తకాలు రాజుల లెక్కలో ఇతన్ని వదిలేస్తాయి.

4. ఇబ్రహీం దగ్గర కాసేపు కూర్చోండి

నాకైతే ఇక్కడే ఎక్కువసేపు ఉండాలనిపిస్తుంది. అన్న జంషీద్‌కి భయపడి ఇబ్రహీం విజయనగరం పారిపోయాడు. అళియ రామరాయల నీడలో ఏడేళ్లు ఉన్నాడు. అక్కడే తెలుగు ఒంటబట్టింది. రాజయ్యాక తెలుగు కవుల్ని పోషించాడు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఈయనకే అంకితం. మన కవుల నోట్లో ఇబ్రహీం కాస్తా ‘మల్కిభరాముడు’ అయిపోయాడు. ఈయన కాలంలోనే పటాన్‌చెరు ప్రాంతాన్నేలిన అమీన్‌ఖాన్‌కి పొన్నెగంటి తెలగన్న అచ్చ తెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ అంకితమిచ్చాడు.

అంత ఆదరించిన రామరాయల మీదికే 1565 జనవరిలో మిగతా దక్కను సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్లాడు. ఆ తళ్లికోట యుద్ధంలో రామరాయలు తల పోగొట్టుకున్నాడు. ఇక మీరు గోడ దగ్గరికి వెళ్లి చూడండి. ఒకప్పుడు అద్దిన రంగు పెంకుల ముక్కలు కొన్ని ఇంకా అంటుకుని కనిపిస్తాయి. అవి చూశాక మిగతా గుమ్మటాలు కూడా ఒకప్పుడు ఇలా బోసిగా ఉండేవి కావేమో అనిపిస్తుంది.

5. హిజ్రీ లెక్క నేర్చుకోండి

మహమ్మద్ కులీ సమాధి అన్నిటికంటే ఘనమైనది. ఎత్తయిన అరుగులెక్కి వెళ్లాలి. పైన కనిపించే నల్లరాతి సమాధి గుర్తుకోసం పెట్టింది, అసలు ఖననం కింద నేలమాళిగలో.

ఈయన చనిపోయింది 1611లోనా, 1612లోనా అని పుస్తకాలు తగువులాడుకుంటాయి. ఇలా చేయండి: హిజ్రీ (ముస్లింల క్యాలెండర్) సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపండి. ఆయన పోయింది హిజ్రీ 1020లో. గుణిస్తే 989.4, కలిపితే 1611.4. హిజ్రీ ఏడాది మన ఏడాదితో మొదలవదు కాబట్టి 1020లో కొంత 1611లో, కొంత 1612లో పడుతుంది. తగువు అక్కడే. హిజ్రీ 1000కి వేస్తే 1592 వస్తుంది. ఆ ఏడాది మొదలైంది 1591 అక్టోబరులో. చార్మినార్, హైదరాబాద్ పుట్టింది ఆ రోజుల్లోనే.

మహమ్మద్ కులీ ప్రేయసిగా చెప్పుకునే భాగమతి సమాధి ఎక్కడని ఎవరైనా అడిగితే, ఆమెదని చెప్పగలిగింది ఇక్కడ ఒక్కటీ లేదు. ఆమె ఉందా లేదా అన్న వాదనలో లేదనేవాళ్లు దీన్ని తప్పక ఎత్తుతారు.

6. హయత్ బక్షీ బేగంని వదిలేయకండి

రాజుల చీటీలో ఈమె పేరుండదు. కానీ మహమ్మద్ కులీ కూతురు, మహమ్మద్ భార్య, అబ్దుల్లా తల్లి ఈమే. అంటే మూడు తరాలు ఈమె మీదే నిలబడ్డాయి. కొడుకు పన్నెండేళ్లకే రాజైతే దర్బారు వెనక నిలిచింది. 1656లో ఔరంగజేబు హైదరాబాద్ మీదికి వచ్చినప్పుడు సంధి మాట్లాడటానికి తనే అతని గుడారానికి వెళ్లింది. హయత్‌నగర్ పేరు ఈమెదే. సమాధి పక్కనే పెద్ద మసీదు ఉంది, దాన్ని చూడకుండా రాకండి. చీటీలో ఈమె పేరు మీరే రాయండి, మహమ్మద్, అబ్దుల్లా ఇద్దరూ వాళ్లంతట వాళ్లే కుదురుకుంటారు.

దారిలో మెట్లబావి, శవాలకు స్నానం చేయించిన హమ్మామ్ కనిపిస్తాయి. 2013 నుంచి జరిగిన మరమ్మతుల్లో ఈమధ్యకాలపు సిమెంటు పూతను చెక్కేసి మళ్లీ డంగు సున్నం పూశారు.

7. లేని సమాధి కోసం వెతకండి

చీటీలో మిగిలింది తానాషా. అబ్దుల్లాకి కొడుకుల్లేరు, ముగ్గురూ కూతుళ్లే. చిన్నల్లుడు తానాషా గద్దెనెక్కాడు. అక్కన్న, మాదన్నలు ఈయన మంత్రులు. భద్రాచలం రామదాసు కథలో ఆయన్ని గోల్కొండ చెరసాలలో వేయించిన నవాబు కూడా ఈయనే. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి కోట పట్టుకున్నాడు. తానాషాని దౌలతాబాద్ కోటలో బంధించారు. చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

ఆయన పేరు పక్కన ‘ఖుల్దాబాద్’ అని రాసుకోండి. ఎల్లోరా గుహలకి దగ్గరే ఆ ఊరు. ఆయన్ని అక్కడ పూడ్చారు. కోట పట్టిన ఔరంగజేబుని కూడా 1707లో అదే ఊళ్లో పూడ్చారు, గుమ్మటం లేకుండా ఆకాశం కింద.