జారినవాడి వెనకాల దూకొద్దు: రిజర్వాయర్‌కి వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

2025 జనవరి 11న సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్ చూడ్డానికి హైదరాబాద్ నుంచి ఏడుగురు కుర్రాళ్లు వెళ్లారు. ఐదుగురు నీళ్లలో మునిగి చనిపోయారు. ఇప్పుడు వానలు మొదలై గండిపేట, హిమాయత్ సాగర్ నిండుతున్నాయంటే చాలు, జనం మళ్లీ బళ్లేసుకుని బయల్దేరతారు.

తాగి నీళ్లలో దిగొద్దనీ పిల్లల్ని వదిలేయొద్దనీ అందరూ చెప్పేదే. నేను గట్టిగా చెప్పేది ఒక్కటి: మునిగేవాణ్ని కాపాడాలని మీరు దూకొద్దు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ఒకడు జారతాడు, రెండోవాడు చెయ్యందించబోయి పడతాడు, మూడోవాడు ఆగలేక దూకేస్తాడు. మునుగుతున్న మనిషి చేతికి ఏది దొరికితే దాన్ని పట్టుకుని పైకి రావాలనే చూస్తాడు. మీ మెడ దొరికితే, మీకు ఈత వచ్చినా ఇద్దరూ మునుగుతారు.

కట్ట లోపలివైపు వాలుగా రాళ్లు పేర్చి ఉంటాయి. నీళ్లు తగిలే చోట వాటి మీద పచ్చగా పాకుడు పడుతుంది, సబ్బు రాసినట్టే ఉంటుంది. కాలు పెట్టగానే జారుతుంది, పైకెక్కుదామంటే పట్టు దొరకదు. మోకాలి లోతు, నడుము లోతు అంటూ మెల్లగా పెరగదు, రెండడుగులకే నిలువు లోతు తగులుతుంది.

అందుకే బండిలో పొడవాటి తాడు, మూత గట్టిగా బిగించిన ఐదు లీటర్ల ఖాళీ వాటర్ క్యాన్ పెట్టుకోండి. క్యాన్‌కి తాడు కట్టి విసిరితే పడినవాడికి ఆసరా. తాడు లేకపోతే చున్నీలు, లుంగీలు ముడేయండి. విసిరేవాళ్లు గట్టు మీద బోర్లా పడుకోవాలి, వెనక ఒకరు కాళ్లు పట్టుకోవాలి.

డ్యామ్ దిగువన ఇంకో ప్రమాదం. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన లార్జీ డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలారు. మనకైనా అంతే. మీ నెత్తిన ఎండ కాస్తున్నా వికారాబాద్ వైపు కుంభవృష్టి పడితే గండిపేట గేట్లు ఎత్తుతారు.

సైరన్ మోగితే ఫొటోలు వదిలేసి పైకి రండి.
గేట్ల కింది రాళ్ల మీద కూర్చోవద్దు.
నీళ్లు పారుతున్న కాజ్‌వే మీదికి బండి దించొద్దు.
తూము దగ్గరికి వెళ్లొద్దు, నీళ్లు లోపలికి లాగేస్తాయి.
జాలర్ల పుట్టి ఎక్కొద్దు.
కాళ్లు కడుక్కోవడానికి కూడా అంచుకు దిగొద్దు.
చెప్పు పడిందా, పోనీయండి. ఫోన్ పడినా అంతే.
బండి కడగొద్దు, మిగిలిన బిర్యానీ నీళ్లలో పారేయొద్దు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్ సాగర్ నీళ్లు ఇప్పటికీ జనం తాగుతున్నారు.
ఎవరైనా జారితే దూకొద్దు. మీ తమ్ముడైనా దూకొద్దు. కేకలేయండి, క్యాన్ విసరండి, 112కి ఫోన్ చేయండి.
బయటికి లాగాక పొట్ట నొక్కుతూ టైమ్ పోగొట్టొద్దు. ఊపిరి ఆడకపోతే నోట్లో నోరు పెట్టి గాలి ఊదండి, ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కుతూ ఉండండి, 108 వచ్చేదాకా ఆపొద్దు. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లండి.