ఒక్క మలుపులోనే జారే ఆర్‌సి బగ్గీ: సమస్య - పరిష్కారం

వెనుక మోటారు, వెనుక చక్రాల నడక ఉన్న 1/10 స్కేలు (అసలు బండిలో పదో వంతు) ఎలక్ట్రిక్ ఆర్‌సి బగ్గీ, అంటే రేడియోతో నడిపే బొమ్మ బండి, ఎడమ మలుపును ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతుంది. అదే వేగంతో కుడి మలుపులోకి పంపితే వెనుక భాగం పక్కకు జారిపోతుంది, కొన్నిసార్లు గిర్రున తిరిగి వచ్చిన దారినే చూస్తూ నిలబడుతుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు కుర్రవాళ్లూ, ఆదివారాలు బరంపురం నుంచి వచ్చే మిత్రులూ ఈ ఫిర్యాదుతో నా దగ్గరికి వచ్చేసరికి అప్పటికే రెండు జతల స్ప్రింగులు, మూడు రకాల షాక్ అబ్జార్బర్ ఆయిలు, ఒక కొత్త జత టైర్లు కొనేసి ఉంటారు. వెనుక ఆర్మ్ (చక్రాన్ని ఛాసీకి కలిపి, పైకీ కిందికీ ఆడే చేయి) దానంతట అది కిందికి పడుతోందో లేదో చూశారా అని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. రూపాయి ఖర్చు లేని ఆ పరీక్షను వదిలిపెట్టి, వారాల తరబడి పార్సిలు కోసం ఎదురుచూసే ఓపిక మనవాళ్లకు ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

షాక్ విప్పడం, హింజ్ పిన్ (ఆర్మ్ తిరిగే ఇరుసు కడ్డీ) లాగడం, క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలిన కోణం) కొలవడం మీకు వచ్చుననే అనుకుని రాస్తున్నాను.

ముందుగా జారుతున్నది ఏదో తేల్చుకోవాలి. కుడి వైపు చక్రాలు తిప్పినా బండి తిరగక నేరుగా పోతూ ఉంటే అది ముందు భాగం సమస్య, అప్పుడు వెనుక ఆర్మ్‌ల జోలికి వెళ్లనవసరం లేదు. బండిని పీట మీద ఎత్తి పెట్టి, స్టీరింగును రెండు వైపులా పూర్తిగా తిప్పి చూస్తే పది సందర్భాలలో తొమ్మిదింట ఒక వైపు చక్రం తక్కువ కోణం తిరుగుతూ కనిపిస్తుంది. సర్వో హార్న్ (స్టీరింగు తిప్పే మోటారు మీది చిన్న చేయి) ఒక పన్ను అటో ఇటో కూర్చుని ఉంటుంది, లేదా రేడియోలో ఎండ్ పాయింట్లు (స్టీరింగు ఎంతదాకా తిరగాలో చెప్పే హద్దులు) సమానంగా ఉండవు. అది రెండు నిమిషాల పని. బండి తిరుగుతూనే వెనుక భాగం విడిచిపెట్టేస్తున్నట్లయితే ఈ కింది మాటలు మీ కోసమే.

తరువాత టైర్లు. మేము నడిపే ట్రాక్ ఉద్దానంలోని ఒక కొబ్బరి తోట. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు చెట్లు కూలిపోయాక ఆ జాగా మళ్లీ తోట కాలేదు. నేల ఎర్ర మట్టి, అందులో దండిగా ఇసుక. ఉదయం మంచు తడికి గట్టిగా ఉండి, పది గంటలకల్లా పైపొర పొడిపొడిగా లేస్తుంది. ఇలాంటి నేలకు పొడవైన, విడివిడిగా నిలిచే గుబ్బలున్న మెత్తని టైరు కావాలి. లోపలి ట్రాకుల కోసం చేసిన పొట్టి, దగ్గరదగ్గర గుబ్బల టైర్లు ఇక్కడ మట్టితో నిండిపోయి నున్నని చక్రాల్లా తిరుగుతాయి. అయితే టైరు ఎంపిక తప్పితే బండి రెండు మలుపుల్లోనూ జారుతుంది కనుక, ఒకే మలుపులో జారేవారు చూడవలసింది వేరు: ఎడమ వెనుక టైరు అంచు రిమ్ము నుంచి ఊడి ఉందా, గాలి పోయే రంధ్రం గుండా నీళ్లు చేరి లోపలి ఫోమ్ బరువెక్కిందా, దిశ ఉన్న టైరును ఒక వైపు తిరగేసి అతికించారా. బొటనవేలితో అంచు పొడవునా నొక్కుతూ పోతే ఊడిన చోటు నోరు తెరుస్తుంది. అక్కడ రెండు చుక్కల సూపర్ గ్లూ వేస్తే సరిపోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. కుడి మలుపులో బండి బరువు ఎడమ వైపుకు వాలుతుంది. ఆ బరువును మోయవలసింది ఎడమ వెనుక చక్రం. ఆ చక్రాన్ని పట్టుకున్న ఆర్మ్ స్వేచ్ఛగా కదలక ఎక్కడో ఒకచోట పట్టేస్తూ ఉంటే, స్ప్రింగూ షాకూ ఎంత మంచివైనా టైరు నేలను అనుసరించలేదు. చిన్న గతుకుకే పైకెగిరి, మళ్లీ నేలను తాకేలోగా వెనుక భాగం పక్కకు వెళ్లిపోతుంది. అందువల్ల కుడి మలుపులో జారితే ఎడమ వెనుక ఆర్మ్‌ను, ఎడమ మలుపులో జారితే కుడి వెనుక ఆర్మ్‌ను అనుమానించాలి.

దీనిని పసిగట్టడానికి ఏమీ విప్పనవసరం లేదు. బ్యాటరీ పెట్టిన బండిని చదునైన బల్ల మీదికి జానెడు ఎత్తు నుంచి వదలి, వెనుక రైడ్ హైట్ (బల్ల నుంచి ఛాసీ అడుగు దాకా ఎత్తు) రెండు వైపులా కొలవండి. మా నేల మీద నేను 23 మి.మీ. దగ్గర ఉంచుతాను, మీ అంకె వేరైనా పరవాలేదు. ఇలా ఐదుసార్లు వదలి ఐదుసార్లు కొలవండి. ఒక వైపు ప్రతిసారీ ఒకే అంకె వస్తూ, రెండో వైపు ఒకసారి 23, ఒకసారి 25, మరోసారి 24 చూపిస్తే, తప్పు స్ప్రింగుది కాదు. బలహీనమైన స్ప్రింగు ఎప్పుడూ ఒకే తక్కువ అంకె చూపిస్తుంది. అంకె మారుతూ ఉందంటే ఏదో పట్టేస్తోందని అర్థం. మా కుర్రవాళ్లలో చాలామంది ఒక్కసారే కొలిచి, తక్కువగా ఉన్న వైపు షాక్ కాలర్‌ను (స్ప్రింగును నొక్కి ఉంచే మర రింగును) రెండు చుట్లు బిగించి, సమం చేశామని సంతోషిస్తారు. ఆ క్షణం నుంచి బండికి రెండు రోగాలు.

అంకె మారుతూ ఉంటే వెనుక షాకులు రెండూ కింది కొస దగ్గర విప్పి, ఆర్మ్‌ను పైదాకా ఎత్తి వదలండి. హబ్బు, చక్రం బరువుకు అది ఆగకుండా కిందిదాకా పడాలి. తరువాత వేలి కొసతో మిల్లీమీటరు మిల్లీమీటరుగా ఎత్తుతూ ప్రతి ఎత్తు దగ్గరా వదిలి చూడండి, ఎందుకంటే పైనుంచి వదిలినప్పుడు ఊపులో దాటిపోయే పట్టు నెమ్మదిగా ఎత్తినప్పుడే దొరుకుతుంది. ఆగిపోతే ముందు క్యాంబర్ లింక్ (ఆర్మ్ పైన హబ్బును పట్టి ఉంచే కడ్డీ) విడదీయండి. అంతలో స్వేచ్ఛగా పడితే బాల్ కప్పులో ఇసుక చేరిందన్నమాట, లేదా కొత్త కప్పు మరీ బిగుతుగా ఉందన్నమాట. అప్పటికీ ఆగుతూ ఉంటే డాగ్‌బోన్ (చక్రానికి మోటారు తిప్పుడును చేర్చే కడ్డీ) తీసి చూడండి. వేరే మోడల్ నుంచి తెచ్చి పెట్టిన డాగ్‌బోన్ ఒక్క మిల్లీమీటరు పొడవెక్కువైనా, ఆర్మ్ ఒక ఎత్తుకు వచ్చేసరికి రెండు కొసలా తన్నిపట్టి నిలిచిపోతుంది. అదీ కాకపోతే హింజ్ పిన్ లాగి, అద్దం మీద పెట్టి వేలితో దొర్లించండి. వంగిన పిన్ దొర్లుతూ ఒకచోట తల ఊపుతుంది, దాని కింద వెలుతురు గీత వచ్చి పోతూ ఉంటుంది. కొబ్బరి మొదళ్లకు గుద్దుకునే బండ్లలో ఇది మామూలు. వంగిన పిన్‌ను సుత్తితో సరిచేయడానికి ప్రయత్నించకండి, కొత్తది వేయండి. మామూలు ఉక్కు పిన్లు చాలు, రంగు పూత పూసినవాటికి ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు.

ఇంతవరకు అందరికీ తెలియవలసిన సంగతులే. నన్ను మూడు నెలలు ఏడిపించింది వీటిలో ఏదీ కాదు.

అప్పుడు నా బండి సరిగ్గా ఈ లక్షణమే చూపించింది. రైడ్ హైట్ ఎడమ వైపు మారుతూ ఉండేది. విప్పి చూస్తే ఆర్మ్ పత్తిలా పడేది. పిన్ అద్దం మీద తిన్నగా దొర్లేది. మళ్లీ బిగించి ట్రాకు మీద పెడితే మొదటి కుడి మలుపులోనే జారేది. పిన్ తిన్నగా ఉన్నా అనుమానం తీరక రెండుసార్లు మార్చాను, ఆర్మ్ కొత్తది వేశాను, మూడు మి.మీ. రీమర్ (రంధ్రాన్ని నున్నగా సరిచేసే పనిముట్టు) తెప్పించి రంధ్రాలు శుభ్రం చేశాను, షాకులు నాలుగుసార్లు కట్టాను. ఒక ఆదివారం బరంపురంలో మిత్రులు చదును చేసుకున్న మైదానంలో నేను వరుసగా మూడుసార్లు ఒకే మలుపులో తిరిగిపోతే, అక్కడి కుర్రవాడొకడు బండిని ఎత్తి తెచ్చి చేతికిస్తూ, 'భాయినా, దీనికి కుడి చెయ్యి అలవాటు లేదేమో' అన్నాడు. నవ్వు రాలేదు.

కారణం ఆ రాత్రి అనుకోకుండా దొరికింది. బండిని తిరగేసి ఒడిలో పెట్టుకుని, ఎడమ చేతి వేలి మీద ఆర్మ్‌ను ఆనించుకుని, వెనుక ఆర్మ్ మౌంట్‌ను (రెండు వైపుల హింజ్ పిన్ల కొసలను పట్టుకునే దిమ్మను) ఛాసీకి పట్టి ఉంచే రెండు స్క్రూలలో ఒకదాన్ని విప్పడం మొదలుపెట్టాను. పావు చుట్టు తిరిగిందో లేదో, అప్పటిదాకా వేలి మీద బిగుసుకుని నిలబడి ఉన్న ఆర్మ్ టక్కున వాలిపోయింది. మళ్లీ బిగించాను, బిగుసుకుంది. వదులు చేశాను, వాలింది. మౌంట్ పూర్తిగా ఊడదీసి దీపం కిందికి తెచ్చి చూస్తే, ఎడమ అంచు దగ్గర బొంబాయి రవ్వ గింజలో సగమైనా లేని ఇసుక రేణువు ఒకటి ఛాసీకి అతుక్కుని ఉంది. మౌంట్ అడుగున అల్యూమినియం మీద సరిగ్గా అదే చోట సూదిమొన గుచ్చినట్టు చిన్న గుంట పడి ఉంది.

జరిగింది ఇది. హింజ్ పిన్ ముందు మౌంట్‌లోని రంధ్రం నుంచి ఆర్మ్ గుండా వెనుక మౌంట్‌లోని రంధ్రానికి పోతుంది. ఈ రంధ్రాలన్నీ ఒకే గీత మీద ఉంటేనే ఆర్మ్ తిరుగుతుంది. మౌంట్ కింద ఒక అంచున రేణువు చిక్కితే, స్క్రూ బిగించినకొద్దీ మౌంట్ ఆ రేణువు మీద ఒరిగి, ఆ వైపు రంధ్రం వెంట్రుకవాసి పైకి లేస్తుంది. పిన్‌కూ రంధ్రానికీ మధ్య ఉన్న సందు అంతకంటే తక్కువ కనుక ఆర్మ్ పట్టేస్తుంది. రెండో వైపు మౌంట్ ఛాసీకి ఆనే ఉంటుంది కాబట్టి అటు ఆర్మ్‌కు ఏమీ కాదు. బండి ఒకే మలుపులో జారడానికి కారణం అదే.

నేను చేసిన తప్పు మరొకటి ఉంది, దాని గురించే ఇంతగా చెబుతున్నాను. ప్రతిసారీ నేను ఆర్మ్ పడే పరీక్ష చేసింది మౌంట్ స్క్రూలు ఇంకా వదులుగా ఉన్నప్పుడు. ఆర్మ్, పిన్ ఎక్కించి, పడుతోందని చూసుకుని, తృప్తిపడి, ఆ తరువాత కింది స్క్రూలు బిగించేవాడిని. వదులుగా ఉన్న మౌంట్ పిన్‌కు అనుగుణంగా సర్దుకుంటుంది కనుక పరీక్ష ఎప్పుడూ నెగ్గేది. బిగించాక మళ్లీ చూడాలన్న ఆలోచన మూడు నెలల్లో ఒక్కసారీ రాలేదు.

ఇంకో మాట. ఈ కష్టం మొదలైంది నేను బండితో వచ్చిన ప్లాస్టిక్ మౌంట్ తీసి, మెరిసే అల్యూమినియం మౌంట్ వేసిన తరువాతే. ప్లాస్టిక్ అయితే రేణువు అందులోకి కొంత దిగబడిపోయి, మౌంట్ ఒరగడం తగ్గుతుంది. అల్యూమినియం అంత సులభంగా లొంగదు. దాని వల్ల టో కోణం (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం) చెదరకుండా ఉంటుందన్నది నిజమే, నేను ఇప్పటికీ దాన్నే వాడుతున్నాను. కానీ అది వేసినవారు శుభ్రత విషయంలో పాత అలవాటుతో ఉంటే కుదరదు. అల్యూమినియం ఆర్మ్‌లు మాత్రం కొనవద్దు. గుద్దుకున్నప్పుడు నైలాన్ ఆర్మ్ వంగి తిరిగి వస్తుంది, అల్యూమినియం ఆర్మ్ వంగి అలాగే ఉండిపోతుంది.

పరిష్కారం చెప్పడానికి ఎంతో లేదు, ఓపికగా చేయాలి అంతే. వెనుక ఆర్మ్‌ల ముందు మౌంట్, వెనుక మౌంట్ రెండూ, వాటి కింద షిమ్ములు (ఎత్తు సరిచేసే పలుచని బిళ్లలు) ఉంటే అవి కూడా ఊడదీయండి. ఛాసీని, మౌంట్ల అడుగులను పొడి బ్రష్షుతో తుడిచి, స్పిరిట్ తడిపిన గుడ్డతో మరోసారి తుడవండి. వేలి గోరును అడ్డంగా లాగి చూడండి, కంటికి కనబడని రేణువు గోటికి తగులుతుంది. స్క్రూ రంధ్రం అంచున ఛాసీ లోహం పైకి లేచి ఉంటే అది కూడా రేణువుతో సమానం, సన్న ఆకురాయితో ఒక్కసారి రుద్దండి. గుంట పడిన మౌంట్‌ను పారేయనవసరం లేదు, గుంట అంచు పైకి లేవకుండా ఉంటే చాలు. పిన్‌కూ ఆర్మ్‌కూ నూనె రాయకండి. మా దుమ్ములో నూనె కలిస్తే అది సానపట్టే ముద్ద అవుతుంది. తరువాత పిన్ ఎక్కించి, స్క్రూలను రెండు వైపులా మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతి పావు చుట్టుకూ ఆర్మ్ ఎత్తి వదలండి. ఎక్కడ ఆగితే అక్కడే తప్పు. చివరి స్క్రూ బిగిసిన తరువాత కూడా ఆర్మ్ తనంతట తాను పడాలి, అప్పుడే షాకులు తగిలించండి. ఆపై బల్ల మీద ఐదుసార్ల పరీక్ష మళ్లీ చేస్తే రెండు వైపులా అంకెలు నిలకడగా వస్తాయి.

వానాకాలంలో కొత్త నైలాన్ ఆర్మ్ వేసినవారికి ఇంకో చిక్కు ఉంటుంది. నైలాన్ గాలిలోని తేమను పీల్చి కొంచెం ఉబ్బుతుంది. కొత్త ఆర్మ్ పిన్ మీద బిగుతుగా ఉంటే చేతి రీమర్‌ను ఒకటి రెండుసార్లు తిప్పితే సరిపోతుంది. డ్రిల్లు బిట్టు పెడితే రంధ్రం గుండ్రదనం పోతుంది.

షాకుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎడమ, కుడి షాకులు పూర్తిగా చాచినప్పుడు పొడవు సమానంగా ఉండాలి, పిస్టన్ లోపలికి నొక్కి వదిలినప్పుడు రెండూ ఒకేలా తిరిగి రావాలి. ఒకదానిలో గాలి బుడగ మిగిలితే తేడా చేతికే తెలుస్తుంది. ఆయిలు రెండింటిలోనూ ఒకే సీసా నుంచి పోయండి. ఒక కంపెనీ 30 వెయిట్ మరో కంపెనీ 30 వెయిట్‌తో కలవదు, సరిపోల్చాలంటే సీసా మీది సెంటీస్టోక్స్ (చిక్కదనపు కొలత) అంకె చూడాలి. మే నెల మధ్యాహ్నం ఆయిలు పలచబడుతుంది కనుక శీతాకాలం కంటే ఒక మెట్టు చిక్కనిది వేసుకోవచ్చు. ఇది రెండు వైపులకూ వర్తించేదే, ఒక్క మలుపు జారుడుకు దీనితో సంబంధం లేదు.

వంగిన యాక్సిల్, మెలిపడిన షాక్ టవర్ (షాకుల పై కొసలను పట్టుకునే పలక), మెలిక తిరిగిన ఛాసీ కూడా ఇదే లక్షణం చూపగలవు. ఇన్నేళ్లలో నేను చూసినవి రెండో మూడో, అవి కూడా గోడకు గుద్దిన బండ్లే. పైన చెప్పినవన్నీ సరిగా ఉండి కూడా బండి జారితే, వెనుక చక్రాలు రెండింటినీ అటుది ఇటు, ఇటుది అటు మార్చి ఒక చుట్టు నడపండి. మేకు గుబ్బల టైర్లకు దిశ ఉండదు కనుక ఇబ్బంది లేదు. జారే మలుపు కూడా మారితే తప్పు టైరుదే. మారకపోతే బండిలో ఉన్నదంతా తీసి, ఖాళీ ఛాసీని అద్దం మీద పెట్టి నాలుగు మూలలూ వేలితో నొక్కి చూడండి.