పండుగ కథను పిల్లలకు చెప్పే తీరు

విజయనగరంలో సిరిమానోత్సవం (సిరిమాను అనే పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే అమ్మవారి పండుగ) విజయదశమి తరువాతి మంగళవారం జరుగుతుంది కనుక, పైడితల్లి అమ్మవారి కథను ఆ ముందు రాత్రులలోనే పిల్లలకు మొదలుపెట్టాలి. 1757 నాటి బొబ్బిలి యుద్ధం, అన్నగారైన విజయనగరం రాజు విజయరామరాజు కోసం చెల్లెలు పైడితల్లి పడిన ఆందోళన, ఆమె పెద్దచెరువులో విగ్రహమై దొరికిందన్న నమ్మకం, ఈ వరుసను ఏటా మార్చకుండా చెప్పాలి. ఎందుకంటే తరువాత ఏమి రానున్నదో తెలిసి ఎదురుచూడడమే పిల్లలకు అసలైన ఆనందం. యుద్ధ వివరాలు క్లుప్తంగా చాలు, చెల్లెలి దిగులు దగ్గర మాత్రం తొందరపడరాదు. ఇందులో చరిత్ర ఎంత, జనశ్రుతి ఎంత అని అడిగే వయసు వచ్చినవారికి దాచకుండా చెప్పాలి (తప్పించుకుంటే ఇట్టే పసిగడతారు). ఉత్సవం నాడు గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగే సిరిమానును, దాని కొసన కూర్చున్న పూజారిని చూపిస్తూ, మిగిలిన కథను పిల్లల చేతనే చెప్పించాలి.