సమన్లు కొరియర్‌లో పంపుతున్నారా? ఇవి చూసుకోండి

బెంగళూరు కె.జి. రోడ్డు సిటీ సివిల్ కోర్టులో ఒక లాయరు గారి దగ్గర పదకొండేళ్లుగా గుమాస్తాను. మాది మదనపల్లె. దావా వేసిన మనవాళ్లు వారం తిరక్కుండానే అడిగే మాట ఒకటే: "అన్నా, అవతలివాళ్లకి నోటీసు చేరిందా?"

ఆ నోటీసునే సమన్లు అంటాం, కోర్టుకి రమ్మని అవతలివాళ్లకి వెళ్లే పిలుపు. 2002 జూలై 1 నుంచి సివిల్ ప్రొసీజర్ కోడ్ (సివిల్ దావాలు నడిచే చట్టం) ఆర్డర్ 5 రూల్ 9 ప్రకారం సమన్లను ప్రైవేటు కొరియర్ ద్వారా కూడా పంపొచ్చు. ఖర్చు దావా వేసినవాళ్లదే. అలాగని మీ వీధిలోని కొరియర్ షాపులో కవరు ఇచ్చి రసీదు తెస్తే చెల్లదు. ఆ కంపెనీకి కోర్టు ఆమోదం ఉండాలి, ప్యానెల్‌లో, అంటే ఆమోదించిన కంపెనీల జాబితాలో, పేరుండాలి. డబ్బు కట్టకముందే కోర్టు ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ఈ ఊళ్లో సగం సమన్లు అడ్రసు దగ్గరే ఆగిపోతాయి. "7వ క్రాస్, జయనగర్" అంటే ఎవరికీ అర్థం కాదు, ఏడో క్రాస్ ఒక్క బ్లాకులోనే ఉండదు కదా. మెయిన్, క్రాస్, బ్లాకు, పిన్‌కోడ్, ఏ అంతస్తు, పక్కన ఏ గుడి ఉంది, అన్నీ రాయండి. కవరు అంటించే ముందు ఫోన్లో ఫోటో తీసుకోండి.

నాలుగేళ్ల కిందట హిందూపురం అక్క ఒకామె వచ్చింది. ఇల్లు ఖాళీ చేసినా ఓనరు లీజు డబ్బు (నెలనెలా అద్దెకి బదులు ముందే కట్టిన మొత్తం) తిరిగి ఇవ్వలేదు. కొరియర్‌లో వెళ్లిన సమన్లు "డోర్ లాక్డ్" అని వెనక్కి వచ్చాయి. ఆ కాగితం చూసి అక్కకి కళ్లనీళ్లు తిరిగాయి. "తమ్ముడూ, కింద అంగడి వాళ్లదే. పొద్దున ఆరుకి షట్టరు తీస్తే రాత్రి పదికి గానీ వెయ్యరు" అంది. కొరియర్ కుర్రాడు ఆ వీధికే వెళ్లలేదని నాకు అర్థమైంది. ఆ రెండు మాటల వల్ల రెండు వాయిదాలు పోయాయి. సేలం అడ్వొకేట్ బార్ అసోసియేషన్ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఈ భయం గురించే మాట్లాడింది. అబద్ధపు రిపోర్టు ఇచ్చే కొరియర్ కంపెనీని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టొచ్చని చెప్పింది. కానీ ఆ రిపోర్టు అబద్ధమని కోర్టుకి ఎవరో ఒకరు చెప్పాలి కదా, ఆ పని మీదే.

అందుకే ట్రాకింగ్ నంబరు అదే రోజు తీసుకుని రోజూ చూడండి. "డెలివర్డ్" అని కనిపించగానే సంబరపడకండి, సంతకం ఎవరిదో అడగండి. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ తీసుకుని రిజిస్టర్‌లో రాసుకుంటాడు. ఆర్డర్ 5 రూల్ 15 ప్రకారం పనివాళ్లు కుటుంబ సభ్యుల కిందికి రారు, కాబట్టి వాచ్‌మన్ తీసుకుంటే ఇంట్లోవాళ్లకి ఇచ్చినట్టు కాదు, అవతలి లాయరు అక్కడే పట్టుకుంటారు. "రిఫ్యూజ్డ్" అని వస్తే మాత్రం టెన్షన్ వద్దు. తీసుకోనని చెప్పినా అందినట్టేనని కోర్టు ప్రకటించగలదు. "డోర్ లాక్డ్" సంగతి అలా కాదు, మళ్లీ పంపాల్సిందే.

గడువు గుర్తుంచుకోండి. సమన్లు అందకుండా తిరిగొచ్చాక 7 రోజుల్లో కొత్త సమన్ల కోసం దరఖాస్తు పెట్టకపోతే, ఆర్డర్ 9 రూల్ 5 కింద దావానే కొట్టేయొచ్చు. వాయిదా రోజు చూసుకుందాంలే అని ఊరుకుని దావా పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఆర్డర్ 5 రూల్ 9ఎ కింద సమన్లు మీరే చేత్తో తీసుకెళ్లి ఇచ్చే దారి కూడా ఉంది. దాన్ని దస్తీ అంటాం. జడ్జి లేదా ఆయన నియమించిన కోర్టు అధికారి సంతకం, కోర్టు ముద్ర ఉన్నాయో లేదో చూసుకుని, తోడుగా ఒక మనిషిని తీసుకెళ్లండి. గొడవ జరిగే చోటికైతే వెళ్లొద్దు.

హిందూపురం అక్క విషయంలో రెండోసారి స్పీడ్ పోస్టు, బైలిఫ్ (సమన్లు స్వయంగా తీసుకెళ్లి ఇచ్చే కోర్టు ఉద్యోగి) రెండూ అడిగాం. బైలిఫ్ వెళ్లే రోజు అక్కే దారి చూపించింది. ఓనరు గల్లాపెట్టె దగ్గరే కూర్చుని ఉన్నాడు, సంతకం పెట్టాడు. అతను జవాబు దాఖలు చేయాల్సిన 30 రోజులు ఆ రోజు నుంచే లెక్క మొదలయ్యాయి.