ప్రోటాన్ నిండా ఎలక్ట్రాన్లూ పాజిట్రాన్లే అనేవారితో వాదించడం ఎలా

గుంటూరు అరండల్‌పేటలో స్పైరల్ బైండింగ్ చేయించిన, ప్రోటాన్ అంటే ఎలక్ట్రాన్లూ పాజిట్రాన్లూ (ఎలక్ట్రాన్ అంత బరువే, ఆవేశం మాత్రం ధనం) కలిసిన ముద్దేననే వంద పేజీల సిద్ధాంతం మీ కాలేజీ ఫిజిక్స్ క్లబ్బుకు వస్తే, ముందే అన్నీ చదవకండి. "ఒక్క కాగితం మీద రాసివ్వండి మాస్టారూ" అని అడగండి. ప్రోటాన్‌లో ఏవి ఎన్ని ఉన్నాయి, వాటిని పట్టి ఉంచే బలం ఏది, ఏ కొలత వస్తే తప్పని ఒప్పుకుంటారు: ఈ మూడూ అందులో ఉండాలి. మూడోది రాయనివారితో చర్చ దండగ.

ద్రవ్యరాశితో మొదలుపెట్టండి; అవతలివారి ధీమా అంతా దాని మీదే. ప్రోటాన్ ద్రవ్యరాశి ఎలక్ట్రాన్‌కు 1836.15 రెట్లు. ఆవేశం +1 రావాలంటే పాజిట్రాన్ ఒకటి ఎక్కువుండాలి, అంటే మొత్తం బేసి సంఖ్య. 918 పాజిట్రాన్లు, 917 ఎలక్ట్రాన్లు కలిపితే 937.683 ఎంఈవీ (కణాల ద్రవ్యరాశిని శక్తిగా చెప్పే కొలత; ఒక ఎంఈవీ అంటే పది లక్షల ఈవీ). ప్రోటాన్ 938.272. విడి భాగాలకన్నా ముద్దే బరువు, కాబట్టి అది నిలవదు. ఇంకో జత చేరిస్తే 938.705, బంధన శక్తి (ముద్దను విడగొట్టడానికి కావలసిన శక్తి) 0.433 ఎంఈవీ, 1837 కణాలకు పంచితే తలా 236 ఈవీ. ఒక్క ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జత ఒకదాన్నొకటి తాకి అంతరించినా 1.022 ఎంఈవీ వెలువడుతుంది, మొత్తం బంధానికి రెట్టింపు పైనే. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జతకట్టిన పాజిట్రోనియం బతికేది 0.125 నానోసెకన్లు, స్పిన్లు (కణాల సహజ భ్రమణ గుణం) ఒకే దిశలో ఉంటే 142. మరి ప్రోటాన్ ఎలా నిలిచింది?

"కణాలు ఇంకా ఎక్కువ, బంధమూ ఎక్కువే" అనే జవాబు రావచ్చు. సరేనని బోర్డు మీద రాయండి: ఇక 1837కన్నా పెద్ద ఏ బేసి సంఖ్యైనా సరిపోతుంది, కాబట్టి ద్రవ్యరాశి కుదిరిందన్న సాక్ష్యం పోయింది.

స్పిన్‌తో కొట్టబోకండి, ఎదురుతిరుగుతుంది: బేసి సంఖ్యలో అర స్పిన్ కణాలు కలిస్తే అర స్పిన్ రావచ్చు, ప్రోటాన్‌దీ అర స్పినే. కేంద్రకంలో ప్రోటాన్లూ ఎలక్ట్రాన్లూ మాత్రమే ఉన్నాయనే పాత వాదం మీదే ఆ ఆయుధం పనిచేస్తుంది. ఆ లెక్కన నైట్రోజన్-14 కేంద్రకంలో 14+7=21 కణాలు, స్పిన్ అరల్లో రావాలి; కొలిస్తే 1.

అసలు బిగింపు జాగా దగ్గర. ప్రోటాన్ వ్యాసార్థం 0.84 ఫెర్మీలు (ఒక ఫెర్మీ అంటే మీటరులో పదిహేను సున్నాల వంతు). కణాన్ని ఎంత ఇరుకులో బంధిస్తే దాని శక్తి అంత పెరుగుతుందనే అనిశ్చితి సూత్రం ప్రకారం 197ను (ఎంఈవీ, ఫెర్మీల్లో ఆ సూత్రపు స్థిరాంకం) 0.84తో భాగించండి: ఒక్కో కణానికి సుమారు 235 ఎంఈవీ, 1837కు 430 జీఈవీ (ఒక జీఈవీ అంటే వెయ్యి ఎంఈవీ). ఇది ఉజ్జాయింపే, అయినా ప్రోటాన్ మొత్తం 0.938 జీఈవీయే కదా! మిగతాదంతా రద్దుచేసే బలం కావాలి. సెర్న్ ప్రయోగశాలలో ఒకప్పటి ఎల్‌ఈపీ యంత్రం ఎలక్ట్రాన్లనూ పాజిట్రాన్లనూ 209 జీఈవీ దాకా ఢీకొట్టించినా అలాంటి బలం ఎందుకు బయటపడలేదో చెప్పమనండి. ఎలక్ట్రాన్ అయస్కాంత భ్రామకం (చిన్న అయస్కాంతంగా దాని బలం) ప్రోటాన్‌దానికి 658 రెట్లు. అదెలా తగ్గిందో కూడా అడగండి.

"జత అంతరించదు, శూన్యంలో దాక్కుంటుంది" అంటే విజయవాడ క్యాన్సర్ ఆసుపత్రుల పెట్ స్కానర్‌ను చూపండి. రోగి ఒంట్లో పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌ను తాకి అంతరించినప్పుడు దాని డిటెక్టర్లు పట్టేది దాదాపు ఎదురెదురు దిశల్లో పోయే రెండు 511 కేఈవీ (వెయ్యి కేఈవీ ఒక ఎంఈవీ) ఫోటాన్లను, అంటే కాంతి కణాలను. కలిపితే 1.022 ఎంఈవీ, దాక్కోవడానికి ద్రవ్యరాశి మిగల్లేదు.

మన వైపు తరచూ చెడేది "పుస్తకంలో అలా లేదు" అన్నప్పుడు. ఆ మాట రాగానే అవతల ఐన్‌స్టీన్ పేరు వస్తుంది, గంట పోతుంది. చాక్‌పీసు, కాలిక్యులేటర్ ఆయన చేతికిచ్చి లెక్క ఆయన్నే వేయమనండి.